38 వారాలు దాటినా బిడ్డ తల కిందికి దిగలేదు, ఇక సిజేరియనేనా?

మీరు రాసింది ఇది: తొలి కాన్పు, 38 వారాల 2 రోజులు. మొన్నటి చెకప్‌లో డాక్టరు పొట్ట మీద చేత్తో చూసి "తల ఇంకా పైనే ఉంది, ఫిక్స్ కాలేదు" అన్నారు, ఫైల్లో 4/5 అని రాశారు. స్కాన్‌లో బిడ్డ బరువు 3 కిలోలు, ఉమ్మనీరు సరిపడా ఉంది, మెడకు పేగు (బొడ్డుతాడు) ఒక చుట్టు ఉందని వచ్చింది. మీ అక్కకు 36వ వారానికే దిగిపోయిందట. ఇది సిజేరియన్‌కే దారి తీస్తుందా, తల దిగడానికి మీ వైపు నుంచి చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, తల దిగకపోవడం ఒక్కటే సిజేరియన్‌కు కారణం కాదు. తొలి కాన్పులో 38 వారాలకు తల పైనే ఉండటం మేం రోజూ చూసేదే. కొందరికి 39, 40 వారాల్లో దిగుతుంది, కొందరికి నొప్పులు మొదలయ్యాక గానీ దిగదు. అలా తల పైనుండగానే నొప్పుల్లోకి వచ్చినవాళ్లలో కూడా ఎక్కువమంది మామూలుగానే ప్రసవిస్తారు. అయితే ముందే తల దిగినవాళ్లతో పోలిస్తే నొప్పులు ఎక్కువసేపు సాగే అవకాశం, చివరికి ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం కొంత ఎక్కువ. ఆ మాట దాచి మీకు ధైర్యం చెప్పడం నాకిష్టం లేదు. చేయాల్సిందల్లా ఎందుకు దిగలేదో ఒకసారి జాగ్రత్తగా చూడటం. కారణమేదీ కనబడకపోతే నొప్పుల కోసం ఆగడం.

నేను ప్రసూతి వైద్యురాలిని. ఏళ్లుగా లేబర్ రూమే నా లోకం. కింద రాసేదంతా అక్కడ చూసినదాన్ని బట్టే. కాకపోతే మీ పొట్ట మీద చెయ్యి వేసి చూసింది మీ డాక్టరు, నేను కాదు. ఆ తేడా గుర్తుంచుకుని చదవండి.

ముందు ఆ 4/5 సంగతి

ఈ అంకె చూసి చాలామంది పరీక్షలో మార్కుల్లా అనుకుంటారు. 4/5 అంటే మంచిదే కదా అని సంబరపడేవాళ్లూ ఉన్నారు, ఇంకా ఒకటే మిగిలిందని లెక్కవేసేవాళ్లూ ఉన్నారు. లెక్క దానికి తిరగబడి ఉంటుంది. బిడ్డ తలను ఐదు భాగాలుగా ఊహించుకుని, అందులో ఎన్ని భాగాలు ఇంకా పొత్తికడుపు కింది ఎముకకు పైన చేతికి తగులుతున్నాయో రాస్తాం. 5/5 అంటే తల మొత్తం పైనే ఉంది, చేత్తో కదిపితే అటూ ఇటూ కదులుతోంది. 2/5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే తలలో అన్నిటికంటే వెడల్పైన భాగం కటి ద్వారం (కాన్పు దారి మొదలయ్యే ఎముకల వలయం) దాటి లోపలికి వెళ్లిపోయినట్టు. దాన్నే ఎంగేజ్ అయింది అంటాం. మీ 4/5 అంటే తల ద్వారం దగ్గరకు వచ్చి ఆగి ఉంది, కొద్దిగా లోపలికి తొంగిచూస్తోంది.

ఇది చూసే పద్ధతి మీకు తెలిస్తే ఆ అంకె ఎంత మెత్తనిదో అర్థమవుతుంది. మీరు మోకాళ్లు కాస్త ముడుచుకుని పడుకుంటే, మేం మీ కాళ్ల వైపు మొహం పెట్టి నిలబడి, రెండు అరచేతులూ పొత్తికడుపు కింద చెరో పక్క ఆనించి, మీరు ఊపిరి వదిలినప్పుడు వేళ్లను మెల్లగా లోతుకు జార్చుతాం. వేళ్లు తల కిందికి పోయి ఒకదానికొకటి దగ్గరైతే తల పైనే ఉన్నట్టు. దగ్గర కాలేక పక్కలకు విడిపోతే తల లోపలికి దిగినట్టు. అంతా స్పర్శ మీద ఆధారపడ్డ పని. ఒకే రోజు ఒకే పొట్టను ఇద్దరు అనుభవమున్న డాక్టర్లు చూస్తే ఒకరు 3/5, ఒకరు 4/5 అని రాయడం వింతేమీ కాదు.

ఇంకో చిన్న సంగతి. చెకప్ గది బయట గంటసేపు కూర్చుని, వరస పోతుందేమోనని టాయిలెట్‌కి కూడా వెళ్లకుండా లోపలికి వచ్చేవాళ్లు చాలామంది. నిండిన మూత్రాశయం సరిగ్గా తల దిగాల్సిన దారికి ముందే ఉంటుంది. అది తలను పైకి నెట్టి ఉంచుతుంది, పైగా మా చేతి లెక్కనూ తప్పిస్తుంది. తల బాగా పైన తగిలితే నేను ముందు టాయిలెట్‌కి వెళ్లి రమ్మంటాను, ఆ తర్వాతే అంకె రాస్తాను. 5/5 అనుకున్నది వెళ్లొచ్చాక 4/5, ఒక్కోసారి 3/5 కూడా అయిపోతుంది. మలబద్ధకం బాగా ఉన్నా ఇంచుమించు ఇదే తంతు. ఈసారి చెకప్ గదిలోకి వెళ్లేముందు ఈ పని చూసుకోండి.

ఎందుకు దిగదు?

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణాలు రెండు: ఇంకా సమయం రాకపోవడం, బిడ్డ తిరిగి ఉన్న తీరు.

సమయం గురించి ముందు. మీ 38 వారాలు నిజంగా 38 వారాలేనా అని చూసుకోండి. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌ని బట్టి తేదీ ఖాయం చేసి ఉంటే దాన్ని నమ్మొచ్చు, వారానికి మించి తేడా రాదు. నెలసరి క్రమంగా రానివాళ్లకు ఆ తేదీని బట్టి లెక్కేసినా, చివరి నెలల స్కాన్‌ని బట్టి వారాలు చెప్పినా, లెక్క రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. 36 వారాల బిడ్డను 38 అనుకుని "ఇంకా దిగలేదు" అని బెంగపడేవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇక తిరిగి ఉన్న తీరు. చెప్పుకోవాల్సిందంతా ఇక్కడే ఉంది. బిడ్డ గడ్డాన్ని గుండెకు ఆనించి, వీపు మీ పొట్ట వైపు పెట్టి ఉంటే, తలలో దాదాపు 9.5 సెంటీమీటర్ల కొలత దారిలోకి వస్తుంది. అదే బిడ్డ వీపు మీ వెన్ను వైపు ఉండి, మొహం మీ పొట్ట వైపు ఉంటే, గడ్డం అంతగా వంగదు. అప్పుడు అదే తల 11.5 సెంటీమీటర్ల కొలతతో ద్వారం దగ్గర నిలబడుతుంది. కటి పై ద్వారం ముందు నుంచి వెనక్కి సుమారు 11 సెంటీమీటర్లు, అడ్డంగా 13 దాకా ఉంటుంది. తల పెద్దదీ కాదు, దారి చిన్నదీ కాదు, తల పెట్టిన కోణం కుదరలేదు, అంతే. బిగుతైన గాజు ఎక్కించుకునేటప్పుడు బొటనవేలు అరచేతిలోకి మడుస్తాం చూడండి, చెయ్యి అదే, గాజూ అదే, మడిచిన తీరుతోనే పని జరుగుతుంది. నొప్పులు మొదలయ్యాక గర్భాశయం వెనక నుంచి నెట్టే కొద్దీ తల వంగుతుంది, మెల్లగా తిరుగుతుంది, పుర్రె ఎముకలు ఒకదాని మీదికొకటి కాస్త జరిగి తల ఇరుకవుతుంది. వీపు వెనక్కి ఉన్న బిడ్డల్లో ఎక్కువమంది నొప్పుల్లోనే ముందుకు తిరిగిపోతారు.

మీరు రాసిన వాటిలో ఒక మాట నన్ను ఆపింది. బొడ్డు చుట్టూ గుంటలా ఉందని, తన్నులు ఎక్కువగా ముందు వైపే తెలుస్తున్నాయని రాశారు. నడుము నొప్పి కూడా ఉందన్నారు. ఇవి మూడూ కలిస్తే బిడ్డ వీపు మీ వెన్ను వైపు ఉండొచ్చు. పక్కా అని చెప్పను. మీ డాక్టరును "బిడ్డ వీపు ఎటు ఉంది?" అని అడగండి, చేత్తో చూసి చెప్పగలరు, అనుమానమైతే స్కాన్‌లో తేలిపోతుంది.

అరుదే గానీ, చూసి తీరాల్సినవి

తల పైనే ఉందని తెలిసినప్పుడు నేను తప్పనిసరిగా వెతికేవి కొన్ని ఉన్నాయి. మొదటిది మాయ, అంటే ప్లాసెంటా. మాయ కిందికి ఉంటే తల దిగడానికి చోటుండదు. ఐదో నెల స్కాన్‌లో మాయ కిందికి ఉందని రాసినవాళ్లలో చాలామందికి గర్భాశయం పెరిగే కొద్దీ అది పైకి పోతుంది, అందుకే ఆ మాటను అప్పటికి పెద్దగా పట్టించుకోరు. కానీ పైకి పోయిందో లేదో చివరి నెలల్లో మళ్లీ చూడాలి. ఒకామె 37 వారాల్లో నా దగ్గరికి వచ్చారు, తల 5/5, కదుపుతుంటే తేలుతోంది. ఫైలు తిరగేస్తే ఐదో నెల స్కాన్‌లో "మాయ కిందికి ఉంది" అని ఉంది, ఆ తర్వాత ఎవరూ మళ్లీ మాయ కోసం చూడలేదు. రక్తస్రావం ఏనాడూ లేదు కాబట్టి ఆమెకూ అనుమానం రాలేదు. యోని మార్గం ద్వారా స్కాన్ తీయిస్తే మాయ అంచు గర్భాశయ ముఖద్వారానికి దాదాపు ఆనుకునే ఉంది. ఆమెకు సిజేరియనే సరైన దారి, అదే చేశాం. ఆమెకు లోపలి పరీక్ష చేసి ఉంటే తీవ్రంగా రక్తం పోయేది. అందుకే మాయ ఎక్కడుందో తేలకుండా, పైనున్న తల కోసం లోపల వేలు పెట్టి చూడకూడదు.

మిగతావి చకచకా: గర్భాశయం కింది భాగంలో పెద్ద గడ్డ, అండాశయంలో తిత్తి, ఉమ్మనీరు మరీ ఎక్కువగా ఉండటం, బిడ్డ ఎదురుకాళ్లతో గానీ అడ్డంగా గానీ ఉండటం, కవలలు, బిడ్డ తలలో నీరు చేరడం. వీటిలో దాదాపు అన్నీ మంచి స్కాన్‌లో కనబడతాయి. మీ రిపోర్టులో బిడ్డ ఎదురుకాళ్లతో కాక తల కింది వైపుకే పెట్టి ఉంది, ఉమ్మనీరు మామూలుగా ఉంది. మాయ సంగతి మాత్రం మీరు రాయలేదు, చూసుకోండి.

మీ చిన్నతనంలో కాలికో నడుముకో ఎముకల జబ్బు వచ్చిందా, పెల్విస్ (కటి ఎముక) ఎప్పుడైనా విరిగిందా, నడకలో కుంటు ఉందా? ఉంటే డాక్టరుకు మీ అంతట మీరే చెప్పండి. చాలామంది అడిగితే తప్ప చెప్పరు, ఎప్పుడో జరిగిందానికీ కాన్పుకీ సంబంధమేముందని అనుకుంటారు.

పేగు మెడకు చుట్టుకోవడం గురించి కంగారు పడుతున్నారు కదా. ప్రతి నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో మెడ చుట్టూ పేగు కనిపిస్తుంది. తల బయటికి వచ్చాక వేలితో తప్పించేస్తాం, అదొక వార్తగా కూడా చెప్పుకోం. ఒక చుట్టు తలను పైనే కట్టి పడేస్తుందన్నది జనంలో తిరిగే మాటే. ఆ ఒక్క లైను పట్టుకుని ఆపరేషన్‌కి తేదీ అడగకండి. నన్నడిగితే ఆ లైను రిపోర్టులో రాయకపోతేనే చాలా ఇళ్లలో నిద్ర పడుతుంది.

"మీ పెల్విస్ చిన్నది" అని ఎవరైనా అంటే

ఇంకా అనలేదు గానీ, అనే అవకాశం ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను. నొప్పులు రాకముందు వేలితో కొలిచి, లేదా ఎత్తు చూసి, తలకూ దారికీ కుదరదని తేల్చడం నమ్మదగ్గ పని కాదు. ఒకప్పుడు దీనికోసం ఎక్స్‌రేలు కూడా తీసేవారు, వాటితో ఫలితం మెరుగుపడకపోగా సిజేరియన్లు పెరిగాయి, అందుకే ఆ పద్ధతి వదిలేశారు. పొట్టివాళ్లలో ఆపరేషన్ అవసరం కొంత ఎక్కువే, కానీ ఎత్తు ఒక్కటే ఎవరి కాన్పునూ నిర్ణయించదు. గర్భంతో ఉన్నప్పుడు కీళ్ల పట్టీలు వదులవుతాయి, మీరు కూర్చునే, నిలబడే తీరును బట్టి దారి కొలతలు కాస్త మారతాయి, బిడ్డ తల నేనన్నట్టు ఒదుగుతుంది. ఇవన్నీ కలిసి పనిచేసేది నొప్పుల్లోనే. కుదురుతుందో లేదో చెప్పే పరీక్ష నొప్పులే.

బరువు కూడా అంతే. స్కాన్‌లో 3 కిలోలు అంటే అసలు బరువు 2.6 ఉండొచ్చు, 3.4 ఉండొచ్చు. ఆ అంకె అంచనా మాత్రమే.

రెండు కాన్పుల గురించి చెబుతాను, పక్కపక్కన పెట్టి చూడండి. మొదటామెకు 39 వారాలకు తల 5/5. వేరేచోట ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చేశారు, రెండో అభిప్రాయం కోసం వచ్చారు. టాయిలెట్‌కి వెళ్లొచ్చాక చూస్తే 4/5, బిడ్డ వీపు వెనక్కి. స్కాన్‌లో అడ్డమేమీ లేదు. ఆగారు. డ్యూ డేట్ దాటాక నొప్పులు వచ్చాయి. ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకున్నా తల పైనే. ఆమె అత్తగారు తలుపు దగ్గర నిలబడి ఎవరొచ్చినా "దిగిందా?" అని అడుగుతూనే ఉన్నారు. 7 దగ్గరకు వచ్చేసరికి తల తిరిగింది, ఆ తర్వాత చకచకా దిగిపోయింది, కోత కూడా అక్కర్లేకుండా పుట్టాడు. రెండో ఆమెకు 36 వారాలకే తల లోపల కుదురుకుంది, ఇంట్లో అందరూ నార్మల్ ఖాయమని కూర్చున్నారు. నొప్పుల్లో 8 సెంటీమీటర్ల దగ్గర తల ఎటూ తిరగకుండా ఆగిపోయింది, గంటలు గడిచినా కదల్లేదు, చివరికి సిజేరియన్ చేశాం. ముందే దిగిన తల హామీ కాదు, దిగని తల తీర్పూ కాదు. మీ అక్కకు 36లో దిగిందన్న సంగతి మీ కాన్పు గురించి ఏమీ చెప్పదు.

నిజంగా జాగ్రత్త పడాల్సింది: ఉమ్మనీరు పోయినప్పుడు

తల పైనున్నవాళ్లకు నేను ప్రత్యేకంగా కూర్చోబెట్టి చెప్పేది ఇది ఒక్కటే. తల కిందికి దిగి కుదురుకుంటే ముఖద్వారానికి మూతలా అడ్డు నిలుస్తుంది. పైనే ఉంటే, ఉమ్మనీటి సంచి పగిలినప్పుడు నీటితోపాటు బొడ్డుతాడు జారి తలకంటే ముందు కిందికి వచ్చే ప్రమాదం ఉంది. ఇది చాలా అరుదు, మొత్తం కాన్పుల్లో వెయ్యికి ఒకటి నుంచి ఆరు దాకా. కానీ జరిగితే నిమిషాలే లెక్క, ఎందుకంటే తాడు నొక్కుకుపోతే బిడ్డకు రక్తం అందదు.

కాబట్టి నొప్పులు లేకపోయినా సరే, నీరు పోయిందనిపిస్తే వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి. "నొప్పులు వచ్చాక వెళ్దాంలే", "స్నానం చేసి వెళ్దాం" అనేవి తల దిగినవాళ్లకు చెల్లుతాయేమో గానీ మీకు కాదు. శుభ్రమైన ప్యాడ్ పెట్టుకోండి, సమయం గుర్తు పెట్టుకోండి, నీటి రంగు చూడండి. ఆకుపచ్చగా, ముదురుగా ఉంటే ఫోన్‌లోనే చెప్పండి. వెళ్లగానే బిడ్డ గుండె చప్పుడు వినమని అడగండి, "తల ఇంకా ఫిక్స్ కాలేదని చెప్పారు" అన్న మాట గేటు దగ్గరే చెప్పండి. అక్కడున్న నర్సుకు ఆ ఒక్క మాటతో మిమ్మల్ని ముందు చూడాలని అర్థమవుతుంది.

యోనిలో తాడులాంటిది తగిలినా, బయటికి కనిపించినా, దాన్ని ముట్టుకోకండి, లోపలికి తోయకండి. మోకాళ్ల మీద వంగి, తల, ఛాతీ నేలకు ఆనించి, పిరుదులు పైకెత్తి ఉంచండి. అంబులెన్స్‌ను పిలిపించండి. బండిలో పడుకోవాల్సి వస్తే ఎడమ పక్కకు తిరిగి నడుము కింద దిండ్లు పెట్టుకోండి. ఇది చదివి భయపడకండి, మీకు జరగకపోయే అవకాశమే ఎంతో ఎక్కువ. కానీ ఇంట్లో ఒక మనిషికైనా ఈ పేరా చదివి వినిపించండి. మీ ఇంటికీ ఆసుపత్రికీ బాగా దూరమైతే, ఎప్పుడు వచ్చి చేరాలో డాక్టరుతో ఇప్పుడే మాట్లాడుకోండి.

దీని వల్లే, తల తేలుతుండగా కాన్పు తొందరగా కావాలని సంచిని పగలగొట్టడం మేం సాధారణంగా చేయం.

తల దిగాలంటే మీరేం చేయాలి?

నిజం చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. నడవండి, మంచిదే, ఒళ్లు తేలికవుతుంది. కానీ నడకతో తలను కిందికి దించలేం. మూడు గంటలు నడిచి కాళ్లు వాచి, నొప్పులు వచ్చేసరికి ఓపిక అయిపోయినవాళ్లను చూశాను. ఒంట్లో శక్తి నొప్పుల కోసం దాచుకోండి. వ్యాయామం బంతి మీద కూర్చోవడం, చేతులూ మోకాళ్ల మీద ఉండి నడుము మెల్లగా ఊపడం నడుము నొప్పికి హాయినిస్తాయి. ఇలా రోజూ చేస్తే బిడ్డ తిరిగి ఉన్న తీరు కాన్పు నాటికి మారుతుందా అని పరిశోధనలు జరిగాయి, అలా మారినట్టు తేలలేదు. హాయి కోసం చేయండి, ఫలితం రాలేదని మిమ్మల్ని మీరు నిందించుకోకండి. పడుకునేటప్పుడు మాత్రం ఏదో ఒక పక్కకే తిరగండి, వెల్లకిలా వద్దు.

ఆముదం తాగొద్దు, విరేచనాలై నీరసం తప్ప లాభం లేదు. పొట్టను చేత్తో కిందికి నొక్కి తోస్తామనేవాళ్ల దగ్గరికి అసలే వెళ్లొద్దు, మాయ విడిపోయే ప్రమాదం ఉంది.

పొట్ట జారిందా లేదా అని చూసేవాళ్లంతా మీకు చెబుతూనే ఉంటారు. చీర కట్టు మారినా జారినట్టే కనిపిస్తుంది! నిజంగా దిగితే మీకే తెలుస్తుంది: ఊపిరి తేలికవుతుంది, గుండెల్లో మంట తగ్గుతుంది, మూత్రానికి ఇంకా ఎక్కువసార్లు వెళ్తారు, కాళ్ల మధ్య బరువుగా ఉంటుంది. అయితే దిగిన మర్నాడే నొప్పులు వస్తాయని కాదు, వారాలు పట్టొచ్చు. ఏమీ తెలియకుండానే నొప్పుల్లోకి వెళ్లేవాళ్లూ ఉంటారు.

ఇంకో అపోహను ఇక్కడే తీసేస్తాను. "తల దిగాక చోటు చాలదు, కదలికలు తగ్గుతాయి" అంటారు. తగ్గకూడదు. తన్నుల తీరు మారొచ్చు, దొర్లినట్టు, సాగినట్టు అనిపించొచ్చు, కానీ మొత్తం కదలికలు తగ్గవు. అనుమానం వస్తే ఎడమ పక్కకు పడుకుని దాని మీదే ధ్యాస పెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే అదే రోజు, అది అర్ధరాత్రైనా సరే, ఆసుపత్రికి వెళ్లండి. రక్తస్రావం, కళ్లు మసకలు, తగ్గని తలనొప్పి, మొహం వాపు, పక్కటెముకల కింద నొప్పి, అరచేతులూ అరికాళ్లూ బాగా దురదపెట్టడం, జ్వరం కూడా ఇంతే. వీటికి తల దిగడంతో సంబంధం లేదు, చెకప్ తేదీ దాకా ఆగకండి.

ఎంతవరకు ఆగొచ్చు?

బీపీ, షుగరు, బిడ్డ ఎదుగుదల అన్నీ బాగుంటే 41 వారాల దాకా ఆగడంలో తప్పు లేదు. డ్యూ డేట్ అంటే గడువు కాదు, ఆ రోజే పుట్టే బిడ్డలు నూటికి ఐదుగురు కూడా ఉండరు. 41 దాటాక మాయ పనితనం తగ్గే అవకాశం, లోపలే బిడ్డ చనిపోయే ప్రమాదం మెల్లగా పెరుగుతాయి కాబట్టి అప్పుడు నొప్పులు తెప్పించడం గురించి మాట్లాడతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇదే.

తల పైనుంటే నొప్పులు తెప్పించడం కుదరదనుకోకండి. కుదురుతుంది, కాకపోతే ఓపిక కావాలి. ముఖద్వారం మెత్తబడిందా, పొట్టిదైందా, ఎంత తెరుచుకుంది, ఎటు తిరిగి ఉంది, తల ఎంత కింద ఉంది అని ఐదు విషయాలు చూసి లెక్క వేస్తాం. తల ఎత్తు అందులో ఒకటి మాత్రమే. ముఖద్వారం ఇంకా పచ్చిగా ఉంటే ముందు దాన్ని మెత్తబరచడానికే ఒక రోజు పట్టొచ్చు. నొప్పుల మందు ఎక్కించి, నీరు పోయాక కూడా, తల్లీబిడ్డా బాగుంటే 12 నుంచి 18 గంటలైనా చూడకుండా "ఇండక్షన్ ఫెయిల్" (నొప్పులు తెప్పించడం ఫలించలేదు) అనడం తొందరపాటే. పొద్దున్న మొదలుపెట్టి సాయంత్రానికి ఆపరేషన్ అంటే ఎందుకో అడిగే హక్కు మీకుంది. బిడ్డ గుండె చప్పుడు పడిపోతోందంటే మాత్రం ప్రశ్నలతో ఆలస్యం చేయకండి.

నొప్పులు వాటంతట అవే వచ్చినా తొలి కాన్పు నెమ్మదే. ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకునేదాకా ఒక రోజు పట్టినా ఆశ్చర్యం లేదు. అక్కడి నుంచి పూర్తిగా తెరుచుకోవడానికి సాధారణంగా 12 గంటలు దాటదు. తర్వాత ముక్కి బిడ్డను బయటికి పంపడానికి మూడు గంటల వరకూ పడుతుంది. మీ విషయంలో ఈ మొదటి భాగమే కాస్త సాగొచ్చు. ఆ సమయంలో మంచం మీదే పడుకోకుండా లేచి తిరగడం, పక్కకు ఒరిగి ఉండటం పనికొస్తాయి. మూత్రానికి రెండు మూడు గంటలకోసారి వెళ్లడం మరిచిపోవద్దు.

ఈ వారం చెకప్‌కి వెళ్లినప్పుడు అడగాల్సినవి: మాయ అంచు ముఖద్వారానికి ఎంత దూరంలో ఉంది, బిడ్డ వీపు ఎటు ఉంది, నా తేదీ ఏ స్కాన్‌ని బట్టి పెట్టారు, 41 దాకా ఆగితే ఎన్ని రోజులకోసారి బిడ్డను చూస్తారు. ఈలోపే ఆపరేషన్ తేదీ ఇస్తే, ఫైల్లో కారణం ఏమని రాస్తున్నారో చూపించమనండి. అక్కడ "తల దిగలేదు" అని మాత్రమే ఉంటే మొహమాటం లేకుండా ఇంకో డాక్టరుకు ఫైలు చూపించండి. మాయ కిందికి ఉందనో, బిడ్డ అడ్డంగా ఉందనో, బీపీ అదుపులో లేదనో రాసి ఉంటే ఆ తేదీకి వెళ్లి చేరండి.